రందికి ఓదార్పు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల నేపథ్యములో వృద్ధ స్త్రీల పరిచర్య – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

మనోవేదనను చెప్పుకొనుటకు తెలంగాణ పల్లె ప్రజలకు సొంత మాటలున్నవి. ఒకే దిగులు మనస్సులో తిరుగుచుండుట రంది. ఆ రంది ముదిరి, తిండి, నిద్ర తప్పి, మనిషి లోలోపల కృశించుట మనాది. భయముతో గుండె జారుట బుగులు. కామారెడ్డిలో గాని ఎల్లారెడ్డిలో గాని ఆసుపత్రికి వచ్చిన పల్లె స్త్రీ తనకు డిప్రెషన్ ఉన్నదని చెప్పదు. నెత్తి నొస్తున్నదనీ, గుండె దడ పుడుతున్నదనీ, పానం బాగుంటలేదనీ చెప్పును. ఆ మాటల వెనుకనున్న రందిని మొదట గుర్తుపట్టునది చాలాసార్లు డాక్టరు కాదు, కాపరి కూడా కాదు. ఆ వాడలోనే ఉండి, నాలుగు కాన్పులు, రెండు చావులు చూచిన ఒక పెద్దమ్మయో, ఒక అవ్వయో మొదట గుర్తుపట్టును.

ఈ స్త్రీకి సంఘ చరిత్రలో ఏ స్థానమున్నది అనునదే ఈ వ్యాసము యొక్క ప్రశ్న. ఇందులో మూడు సంగతులను చూపుటకు ప్రయత్నించెదము. మొదటిది, వృద్ధ స్త్రీల ఓదార్పు పరిచర్య ఆది సంఘములో గుర్తింపు పొందిన పరిచర్య. రెండవది, తెలుగు నేల మీద మిషనులు ఈ పరిచర్య మీద ఆధారపడినవి గాని దానిని తగినట్లు వ్రాసిపెట్టలేదు. మూడవది, మనము చేజార్చుకొన్న ఈ మార్గమును నేడు వైద్యశాస్త్రము మరొక దేశములో పరీక్షించి, ఫలితములతో మన ముందుంచినది.

1. లేఖనములు, ఆది సంఘము

తీతుకు వ్రాసిన పత్రికలో పౌలు వృద్ధ స్త్రీలకు ఒక బాధ్యత అప్పగించుచున్నాడు: వారు యౌవన స్త్రీలకు నేర్పవలెను (తీతు 2:3-5). అక్కడ వాడబడిన గ్రీకు క్రియ సోఫ్రోనిజో. దాని మూలార్థము మనస్సును స్వస్థమైన స్థితికి తెచ్చుట. ఆ వచనముల సందర్భము కుటుంబ ప్రవర్తన గనుక నేటి మానసిక ఆరోగ్య శాస్త్రమంతటిని అందులో చదువుట తగదు. అయినను ఒక తరపు స్త్రీలు తరువాతి తరపు స్త్రీల మనస్సును నిలబెట్టవలెనను భావము అందులో స్పష్టముగానే ఉన్నది.

1 తిమోతి 5:9-10 మరింత ముఖ్యమైనది. సంఘపు జాబితాలో చేర్చదగిన విధవరాలికి అరువది ఏండ్లు నిండవలెను. ఆమె పిల్లలను పెంచినది, అతిథులను చేర్చుకొన్నది, శ్రమలో ఉన్నవారికి తోడ్పడినది అయియుండవలెను. సంఘము కేవలము పోషించుటకే ఆమెను చేర్చుకొనలేదు. శ్రమపడువారికి తోడుగా ఉండిన అనుభవము ఆమెకు ఉండవలసిన అర్హతలలో ఒకటి. ఎనుబది నాలుగేండ్ల అన్న దేవాలయమును విడువక యుండి, విమోచనకొరకు కనిపెట్టుచున్న వారందరితో మాటలాడెను (లూకా 2:36-38). తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలో నివసించినది (2 తిమోతి 1:5).

నయోమి కథ ఈ అంశమునకు మరొక కోణమును చేర్చుచున్నది. ఓదార్చవలసిన పెద్దావిడయే చేదుతో నిండి, తనను మారా అని పిలువుమన్నది (రూతు 1:20). ఆమె పక్కన నిలిచినది చిన్నదైన కోడలు. కథ చివర నయోమి కౌగిటిలో మనుమడిని చూచి సంతోషించినవారు ఊరి స్త్రీలు. తరముల మధ్య ఓదార్పు ఎప్పుడును ఒకే వైపునకు ప్రవహించదు. చిన్నవారిని ఆదుకొను పెద్దావిడకు కూడా రంది ఉండును.

లేఖన కాలము తరువాత కూడా విధవరాండ్ర వరుస కొనసాగెను. పొలికార్పు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో విధవరాండ్రను దేవుని బలిపీఠముతో పోల్చి, కొండెములకు దూరముగా ఉండవలెనని హెచ్చరించెను. క్రీ.శ. 251 ప్రాంతమున రోమా బిషప్పు కొర్నేలి వ్రాసిన లేఖను చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరచెను. ఆ లేఖ ప్రకారము రోమా సంఘములో 46 మంది పెద్దలుండగా, సంఘము పోషించుచున్న విధవరాండ్రు, ఇక్కట్టులో ఉన్నవారు 1,500కు పైగా ఉండిరి. మూడవ శతాబ్దపు సిరియాలో వెలువడిన దిదస్కాలియా అను సంఘ క్రమము మాత్రము విధవరాండ్రను కట్టడి చేసినది. బలిపీఠము కదలనట్లే విధవరాలు కూడా ఇంటింటికి తిరుగరాదనెను. అదే గ్రంథము పురుషుడైన పరిచారకుడు వెళ్లలేని ఇండ్లకు వెళ్లుటకు స్త్రీ పరిచారకురాలు కావలెననియు ఒప్పుకొన్నది. వృద్ధ స్త్రీల మాట ఇంటింటికి వెళ్లుట సంఘమునకు భయము కలిగించినది, కాని వారు వెళ్లకుండ సంఘమునకు పని జరుగలేదు. ఈ రెండింటి మధ్య పెనుగులాట తరువాతి చరిత్ర అంతటను కనబడును.

2. తెలుగు నేల మీద బైబిలు స్త్రీలు

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులోని కొండ మీద ప్రార్థించిన ఐదుగురిని తెలుగు బాప్తిస్టు సంఘములు నేటికిని జ్ఞాపకము చేసికొనును. వారిలో ఇద్దరు మిషనెరీలు లైమన్ జ్యూవెట్, ఆయన భార్య. మిగిలిన ముగ్గురు తెలుగువారు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. ఆ కొండకు ప్రార్థన కొండ అని పేరు వచ్చినది గాని, ఆ ఇద్దరు స్త్రీల గురించి మన విద్యార్థులు పేర్లకు మించి చెప్పగలది కొంచెమే.

పంతొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగములో దాదాపు ప్రతి మిషను 'బైబిలు స్త్రీ' అను పనివారిని నియమించుకొన్నది. దీనికి కారణము సులభముగా తెలియును. పురుషుడైన బోధకుడు గడప బయట నిలిచి మాటలాడును. బైబిలు స్త్రీ గడప దాటి పొయ్యి దగ్గర కూర్చుండును. ఈ పనికి విధవరాండ్రను, పెద్ద వయస్సు గలవారిని ఎన్నుకొనుట సాధారణము. ఇంటి బాధ్యతలు తీరినవారు ఒంటరిగా ఊళ్లు తిరిగినను నింద రాదు. వారి పని చదివి వినిపించుట, ప్రార్థించుట. అయితే చదువుటకు ముందు వినవలసి వచ్చినది. బిడ్డ చనిపోయిన తల్లి, పిల్లలు కలుగక అత్తింట మాటలు పడుచున్న కోడలు, తాగి కొట్టు భర్తతో బ్రదుకుచున్న ఇల్లాలు మొదట తన కష్టము చెప్పుకొనును. వాక్యము ఆ తరువాతనే.

3. మెదకు మిషను, నిజామాబాదు సీమ

నేటి కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు ముందు కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండును నిజామాబాదు జిల్లాలో తాలూకా కేంద్రములు. క్రైస్తవ చరిత్రలో ఈ సీమ వెస్లియన్ మెథడిస్టు మిషను పనిచేసిన ప్రాంతము. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఇది మెదక్ అధ్యక్ష మండలములో చేరినది.

మెదక్ అనగానే మనకు చార్లెస్ వాకర్ పాస్నెట్ పేరు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన కెథడ్రల్ జ్ఞప్తికి వచ్చును. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్, ఆమె సహచరి సారా హారిస్ అక్కడి స్త్రీల మధ్య చేసిన పని అంతగా జ్ఞప్తికి రాదు. మెదక్ పద్ధతిలో ఒక విశేషమున్నది. గ్రామ బోధకుని ఒక్కనినే గాక, భార్యాభర్తలిద్దరిని తర్ఫీదు చేసి పల్లెకు పంపుట. బోధకుడు కూడికలు నడిపించును, బడి చెప్పును. 'పంతులమ్మ' వాడలోని స్త్రీలకు అక్షరములు, పాటలు, బాలింత సంరక్షణ నేర్పును. ఏండ్లు గడిచి ఆమె వృద్ధురాలైనప్పుడు ఆ పల్లెకు ఆమెయే పెద్ద దిక్కు.

కామారెడ్డి నుండి నిజామాబాదు వెళ్లు దారిలోనున్న డిచ్‌పల్లి మరొక ఉదాహరణ. స్కాట్లండు దేశస్థురాలైన డాక్టర్ ఇసబెల్ కెర్ర్ 1907లో తన భర్త జార్జి కెర్ర్‌తో ఈ దేశమునకు వచ్చెను. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన సహాయముతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు వైద్యశాల ప్రారంభమైనది. 1932లో ఆమె చనిపోవువరకు ఆ పని కొనసాగించెను. కుష్ఠు రోగికి దేహబాధ కంటె వెలివేత ఎక్కువ బాధ. అక్కడ రోగులు గుంపుగా నివసించి, పొలము పనిచేసి, ఒకరికొకరు కట్లు కట్టి బ్రదికిరి. మందుతో పాటు మనుష్యుల తోడు కూడా చికిత్సయే అని ఈ సీమ చూచినది.

పి.వై. లూకా, జాన్ బి. కార్మన్ కలిసి మెదక్ అధ్యక్ష మండలములోని వడియారం పాస్టరేటును పరిశీలించి 1968లో ఒక గ్రంథము ప్రచురించిరి. పల్లె క్రైస్తవులు ఒక వైపు సంఘముతోను, మరొక వైపు ఊరి ఆచారములతోను కలిసి ఎట్లు జీవించుచున్నారో అందులో చూడగలము. రోగము, భయము, చావు వచ్చినప్పుడు మనుష్యుడు ఎవరి దగ్గరకు వెళ్లును అనునది అట్టి జీవితములో చిన్న ప్రశ్న కాదు. కాపరి పాస్టరేటు కేంద్రములో ఉండును, ఆయన క్రింద పదుల కొలది పల్లెలుండును. రాత్రివేళ తలుపు తట్టవలసి వచ్చినప్పుడు దగ్గరలో ఉండునది పొరుగింటి అవ్వయే.

4. లెక్కకు రాని పరిచర్య

మిషను నివేదికలలో బాప్తిస్మముల సంఖ్య ఉండును, బడుల సంఖ్య ఉండును, చందా లెక్కలుండును. ఒక కోడలు బావిలో దూకకుండ ఆపిన రాత్రికి లెక్క వ్రాయుటకు పట్టికలో గడి లేదు. కనుక ఈ పరిచర్య జరుగలేదని కాదు, వ్రాయబడలేదు. చరిత్ర విద్యార్థులు దీనిని గ్రహింపవలెను. ఆధారము లేకపోవుట సంఘటన లేకపోవుటకు ఋజువు కాదు.

ఇరువదవ శతాబ్దపు రెండవ భాగములో బైబిలు స్త్రీ అను జీతపు స్థానము క్రమముగా క్షీణించినది. విదేశీ నిధులు తగ్గినవి. చదువుకొన్న స్త్రీలు ఉపాధ్యాయినులుగా, నర్సులుగా వెళ్లిరి. మరొక వైపు స్త్రీలకు గురుత్వపు ద్వారము తెరువబడినది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలమునకు ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘపు మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకింపబడెను. ఇది ఆనందింపదగిన మార్పు. అయితే పైమెట్టు తెరువబడిన కాలములోనే క్రింది మెట్టు, అనగా చదువు తక్కువైనను అనుభవము గల పల్లె వృద్ధురాలికి సంఘములో పేరుగల పని, కనుమరుగైనది. స్త్రీల సహవాసములు మిగిలినవి. అవి ప్రార్థనకు, పాటకు, వార్షిక సభకు బాగుగానే నడుచుచున్నవి. శ్రమలో ఉన్నవారిని వెదకి వెళ్లుట మాత్రము ఎవరి ఇష్టమునకు వారికి విడువబడినది.

5. ఈ ప్రాంతపు రందికి కారణములు

మంజీర నది మీద 1923 నుండి 1931 వరకు కట్టిన నిజాంసాగరు ఈ సీమకు గర్వకారణము. దాని కాలువ క్రింద పొలములు పచ్చబడినవి. కాని కామారెడ్డి వైపు భూములు ఎక్కువగా చెరువులను, బోర్లను నమ్ముకొన్నవి. బోరు ఎండినప్పుడు అప్పు మిగులును. అప్పు తీర్చుటకు మగవారు గల్ఫ్ దేశములకు వెళ్లుట 1970ల తరువాత ఈ ప్రాంతపు కుటుంబ చరిత్రలో భాగమైనది. ఏజెంటుకు ఇచ్చిన సొమ్మునకు వడ్డీ, ఏండ్ల తరబడి భర్త లేని ఇల్లు, కొన్నిసార్లు పెట్టెలో తిరిగి వచ్చు శవము. ఇంటి వద్ద బీడీలు చుట్టుచు సంసారమును ఈడ్చునది భార్య, మనుమలను పెంచునది అవ్వ.

కల్లులో కలుపు మత్తు మందులు మరొక బాధ. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ప్రభుత్వము చర్య తీసికొనినప్పుడు, నిజామాబాదు మొదలగు జిల్లాలలో దానికి అలవాటుపడిన అనేకులు ఒక్కసారిగా అది దొరకక వణకు, ఫిట్సు, మతిభ్రమ వంటి లక్షణములతో ఆసుపత్రుల పాలైరి. ఇట్టి ప్రవర్తనను చూచి దయ్యము పట్టినదనుకొను అలవాటు మన సంఘములలో ఇంకను పోలేదు. అది మందు మానుటవలన కలిగిన స్థితి అని తెలియనియెడల, ఆసుపత్రికి పోవలసినవాడు ప్రార్థన కూటములో కట్టివేయబడును.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో పెద్దవారిలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి వారిలో నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స పొందుటలేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము 1982లో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము 1996లో మొదలైనవి. ఇన్ని ఏండ్ల తరువాతను పల్లెకు, మానసిక వైద్యునికి మధ్య దూరము తగ్గలేదు. 'ఎర్రగడ్డ' అను ఊరి పేరే మన నోట తిట్టుగా మారినది. ఆ తిట్టు భయమే అనేకులను వైద్యమునకు వెళ్లనీయదు.

6. హరారే నగరపు బల్ల

ఆఫ్రికా ఖండములోని జింబాబ్వే దేశములో డిక్సన్ చిబాండా అను మానసిక వైద్యుడు ఉన్నాడు. ఆయన వద్ద చికిత్స పొందుచున్న ఒక యువతి, ఆసుపత్రికి రావలసిన సమయములో బస్సు చార్జీకి డబ్బు లేక రాలేకపోయి, ప్రాణము తీసికొన్నది. రోగి వైద్యుని యొద్దకు రాలేనియెడల సహాయమే రోగి యొద్దకు వెళ్లవలెనని ఆయన గ్రహించెను. దేశమంతటికి మానసిక వైద్యులు పదిమందికి కొంచెము అటు ఇటుగా ఉండిరి. 2006లో హరారే నగరములోని ఎంబారే అను పేదల పేటలో ఆయనకు దొరికినది పద్నాలుగు మంది అవ్వలు. క్లినిక్కులో గది దొరకలేదు గనుక ఆవరణములో చెట్టు క్రింద ఒక బల్ల వేసిరి. ఆ పనికి 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' అని పేరు.

షోనా భాషలో ఈ వేదనకు కుఫుంగిసిసా అను మాటయున్నది. అతిగా ఆలోచించుట అని అర్థము. మన రంది అను మాటకు అది తోబుట్టువు వంటిది. అవ్వలు డిప్రెషన్ అను పేరు ఎత్తక, ఆ ఊరి మాటతోనే పలుకరించుదురు. పద్ధతి సులువైనది. మొదట మనస్సు విప్పనిత్తురు. సమస్యలన్నిటిని వరుసగా చెప్పనిచ్చి, అందులో ఒకదానిని ఎంచుకొమ్మందురు. ఈ వారము చేయగల చిన్న పని ఏమని అడుగుదురు. మరుసటిసారి ఆ పని ఏమైనదో కనుగొందురు. ఇట్లు ఆరుసార్లు కలిసికొన్న పిమ్మట, చేతిపని చేసికొనుచు మాటలాడుకొను స్త్రీల గుంపునకు ఆమెను అప్పగించుదురు. ఆత్మహత్య తలంపు ఉన్నవారిని వెంటనే పైవైద్యమునకు పంపుదురు.

దీనిని 24 క్లినిక్కులలో, 573 మందితో పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఆరు నెలల తరువాత డిప్రెషన్ లక్షణములు మామూలు చికిత్స పొందినవారిలో దాదాపు నూటికి 50 మందికి ఉండగా, బల్ల మీద కూర్చున్నవారిలో దాదాపు 14 మందికి మాత్రమే మిగిలినవి. మన తెలుగు నేల మీదను పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి మనోవేదనను గుర్తించి వైద్యునికి చేర్చు పని జరిగినది. సామాన్య స్త్రీలకు కొంత తర్ఫీదు, వెనుక ఒక వైద్యుని అండ ఉన్నయెడల ఈ పని సాధ్యమని ఇవి తెలుపుచున్నవి.

7. కొన్ని జాగ్రత్తలు

వృద్ధ స్త్రీలందరు ఓదార్చువారే అనుకొనుట చరిత్రకు విరుద్ధము. కోడలిని వేధించిన అత్తయు వృద్ధ స్త్రీయే. విన్న మాటను బావి దగ్గర చెప్పినయెడల ఓదార్పు గాయమగును. పొలికార్పు హెచ్చరిక నేటికిని అవసరము. రహస్యము కాపాడుట, భర్త కొట్టుచున్నప్పుడు ఓర్చుకొమ్మని చెప్పకుండుట, వెర్రి ముదిరిన వానిని, చావు మాట పలుకు వానిని ఆలస్యము లేక వైద్యునికి చేర్చుట – ఈ మూడును నేర్పకుండ ఎవరిని ఇంటింటికి పంపరాదు.

మరొక సంగతి మరింత బాధాకరమైనది. ఈ సీమలో బాణామతి అను నింద తరచుగా ఒంటరి వృద్ధురాలి మీదనే పడినది. ఊరిలో బిడ్డకు జ్వరము వచ్చినను, బర్రె చచ్చినను, ఆమె చూపు మీద నెపము వేయుదురు. అదే అవ్వ ఒక ఇంటికి ఓదార్పు, మరొక ఇంటికి అనుమానము. సంఘము ఆమెకు పేరు, పని, తోడు ఇచ్చి పంపునప్పుడు, ఆమె ద్వారా ఇతరులు ఓదార్పు పొందుటయే గాక, ఆమెయు నింద నుండి కాపాడబడును. విధవరాండ్రను జాబితాలో చేర్చుమన్న అపొస్తలుని క్రమములో పోషణతో పాటు ఈ భద్రతయు ఉన్నది.

8. కాపరులకు, విద్యార్థులకు

మొదటిది, ప్రతి పాస్టరేటులో ఇద్దరు ముగ్గురు పెద్ద వయస్సు స్త్రీలను సంఘపు తీర్మానముతో ఈ పరిచర్యకు నియమింపవచ్చును. ఎవరి దగ్గరకు జనులు ఇప్పటికే వెళ్లుచున్నారో కనుగొని, వారినే ఎన్నుకొనవలెను. రెండవది, కొత్త భవనము అవసరము లేదు. స్త్రీలు గుంపుగా కూర్చుండి చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు అరుగు, మందిరము ముందు వేపచెట్టు క్రింద గద్దె, ఇవే మన బల్లలు. మూడవది, జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగముతో పరిచయము పెట్టుకొనవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ఉచిత ఫోను సంఖ్య 14416ను మందిరపు గోడ మీద వ్రాయించవలెను. ఏలీయా చావు కోరుకొన్నప్పుడు దేవుడు మొదట నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చి తరువాతనే మాటలాడెను (1 రాజులు 19). మందు మ్రింగుట విశ్వాసలోపము కాదని పులిపీఠము మీదనుండి చెప్పవలసినవాడు కాపరియే.

నాలుగవది విద్యార్థులకు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో పాత బోధకుల భార్యలను, బైబిలు స్త్రీలను ఎరిగిన ముసలివారు ఇంకను కొందరున్నారు. వారి నోటి మాటను వారి అనుమతితో వ్రాసికొనవలెను. ఎవరి ఇంట ఏ రాత్రి ఎవరు కూర్చుండిరో, ఏ మాట చెప్పిరో, ఏ మాట చెప్పక ఊరకుండిరో అడుగవలెను. ఒక్కొక్క సమాధి కార్యక్రమముతో ఒక్కొక్క గ్రంథము మూయబడుచున్నది.

ముగింపు

ఆది సంఘము విధవరాలిని బలిపీఠమని పిలిచినది, తరువాత కదలవద్దనినది. మిషనులు ఆమెను గడప దాటించినవి, కాని ఆమె పేరు వ్రాయలేదు. మన తరము ఆమెకు సభలో ముందు వరుసలో కుర్చీ ఇచ్చి, పని తీసివేసినది. హరారేలోని అవ్వలు చేయుచున్న పని మన సంఘములకు పరాయిది కాదు. మన పంతులమ్మలు, బైబిలు స్త్రీలు బల్ల లేకుండనే, నేల మీద చాప పరచుకొని చేసినదే. ఈ సీమలో రంది తగ్గలేదు, వినగల అవ్వలు కూడా లేకపోలేదు. వారిని పేరుపెట్టి పిలిచి, తర్ఫీదిచ్చి, సంఘము పక్షమున పంపుట మన వంతు.